ఆయ్ అంటే అవునని కాదు

మా అమ్మ నోటిదురుసు వల్లే మా నాన్నకు సర్కారు బత్తెం పోయిందని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అల్లుళ్లకు చెబుతారు, కొత్త కోడళ్లకు మరీ మరీ చెబుతారు. ఆడది నోరు దాచుకోకపోతే ఇంట్లో గింజ నిలవదనడానికి మా ఇంటిని సాక్ష్యం పెట్టుకున్నారు. అందరికన్నా బాగా చెప్పేది మా మేనత్త. ఆవిడ చెప్పిన ప్రతిసారీ బత్తెం తీసేసిన సర్కారు అమీను కొంచెం పొడుగయ్యేవాడు, మా అమ్మ గొంతు కొంచెం పెద్దదయ్యేది, మా నాన్న ఇంకొంచెం దేవుడయ్యేవాడు. ఆ రోజు నేను అక్కడ ఉన్నాను. మా అత్త లేదు. ఆవిడ ఆ పూట ఇంటి దగ్గర చేపలు ఎండబెట్టుకుంటూ కాకుల్ని తోలుకుంటోంది. అయినా లోకం ఆవిడ మాటే నమ్మింది. తప్పు ఒక ఆడదాని నోట్లో దొరికాక, ఇంకెక్కడైనా ఉందేమో వెతికే ఓపిక ఎవరికుంటుంది?

అందుకని ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నేను చెబుతాను. చెన్నపట్నం దాకా వెళ్లి, పంతులమ్మలను తయారుచేసే కళాశాలలో చదువుకుని వచ్చినదాన్ని. అక్కడ నేర్పినవాటిలో నాకు జీవితంలో అక్కరకొచ్చింది ఒక్కటే: కారణం ముందు రావాలి, ఫలితం తర్వాత రావాలి. మా ఊరి కథలో బత్తెం ముందు పోయింది, మా అమ్మ తర్వాత నోరు విప్పింది. ఈ చిన్న సంగతి ఇన్నేళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

మా నాన్న పడవ మనిషి. మా ఇల్లు గోదావరి వైనతేయం పాయ ఒడ్డున ఉండేది. గన్నవరం దగ్గర ఏటి మీదుగా కాలవను దాటించడానికి రాతి వంతెన కడుతున్న రోజుల్లో ఊళ్లో పడవలున్నవాళ్లందరూ రాళ్లు మోశారు. మా నాన్నా మోశాడు. ఒకరోజు దింపుడు రేవులో రాయి జారింది. పడవ అంచుకీ గట్టుకీ మధ్య ఆయన నలిగాడు. నడుం కింద ఏదో ఎముక తన చోటు మరిచిపోయింది. ఎముకలు కట్టేవాళ్లు కట్టారు, మంత్రం వేసేవాళ్లు వేశారు. చివరకు ఆ పని చూసే దొర వచ్చి, చూసి, ఈ మనిషికి ప్రతి పౌర్ణమికీ కాలవ లాకు దగ్గరి కొట్లో బియ్యం ఇవ్వండి అని చెప్పి వెళ్లాడు. ఆ దొర మంచివాడో, ఆ పూట మనసు బాగుందో నాకు తెలియదు. ఆ బియ్యాన్నే మేం బత్తెం అనేవాళ్లం. మా ఇంట్లో నలుగురం, మా అత్తతో సహా, దాని మీదే బతికాం. ధర్మం బియ్యం అని ఎవరైనా అంటే మా నాన్న వెంటనే సర్దేవాడు. "ధర్మం కాదండీ. పని మీద తగిలిన దెబ్బకండీ." ఆయన జన్మలో ఎదుటి మనిషి మాటను దిద్దింది అదొక్కటే అనుకుంటాను.

ఆయన జబ్బు సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అంతా దాని మీదే నడిచింది. పొద్దున్న లేచినప్పుడు ఆయన్ను చూసినవాళ్లు ఈ మనిషికి ఏం రోగం అనుకునేవాళ్లు. కర్ర పట్టుకుని రేవు దాకా వెళ్లి మొహం కడుక్కునేవాడు. పలకరించినవాళ్లతో నిలబడి మాట్లాడేవాడు. ఎండ ఎక్కేకొద్దీ ఎడమకాలు బరువెక్కేది. భోజనాల వేళకు అది ఆయన కాలు కాదు, ఎవరో తెచ్చి ఆయనకు తగిలించిన దుంగ. ఇక మర్నాటి పొద్దు దాకా మంచమే. నిద్రలో మూలిగేవాడు, మెలకువగా ఉన్నప్పుడు మాత్రం మూలగడు. ఎవరైనా వింటే బాగుండదని.

"మీ నాన్నగారు పొద్దున్న మనిషి, మధ్యాన్నం మంచం" అనేది మా అమ్మ.

మా అమ్మ తిట్టినా అండీ చేర్చి తిట్టేది. ఈ సంగతి కూడా ఊరు మరిచిపోయింది. "మీ మర్యాద మండిపోనండీ" అని ఆవిడ మా నాన్నను అన్నప్పుడు ఆ అండీలో ఏ లోటూ ఉండేది కాదు.

ఇలా జరుగుతుండగా ఒక వానాకాలం చివర ఊళ్లో డప్పు వేశారు. బత్తెం తినే కుంటివాళ్లు, గుడ్డివాళ్లు, రోగిష్ఠివాళ్లు అందరూ ఫలానా రోజున పొద్దున్నే లాకు దగ్గర అమీనుగారి డేరాకు వచ్చి కనపడాలి. పని చెయ్యలేనివాళ్లకే ఇక మీద బత్తెం. చెయ్యగలిగినవాళ్లకు లేదు.

మా అమ్మ డప్పు వేస్తున్నవాణ్ణి మా గుమ్మంలోనే ఆపేసింది.

"పని అంటే ఏ పనయ్యా? పొద్దుటి పనా, సాయంత్రం పనా?"

"నాకేం తెలుసమ్మా. కొట్టమన్నారు, కొట్టేను."

"చెయ్యగలగడం అంటే? ఒక గడియ చేస్తే చేసినట్టా, రోజంతా చెయ్యాలా?"

"అమ్మా, ఇంకా నాలుగు వీధులున్నాయమ్మా."

"అడిగి రావయ్యా మరి, డప్పు వెయ్యడానికి ముందు!"

నాకు నవ్వొచ్చింది అప్పుడు. తర్వాత చాలా ఏళ్లకు, చదువు చెప్పే ఉద్యోగంలోకి వచ్చి సర్కారు ఉత్తరువులు చదవడం మొదలుపెట్టాక, మా అమ్మ అడిగిన ఆ రెండు ప్రశ్నలకన్నా మంచి ప్రశ్నలు ఏ ఉత్తరువు మీదా ఎవరూ వెయ్యగా నేను చూడలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ అన్నం సరిగ్గా దిగలేదు. బియ్యం కుండ మీద మూత తీసినప్పుడల్లా మా అమ్మ లోపలికి చూసే చూపు మారిపోయింది. రేవులో పుకార్లు పుట్టాయి. రాజోలు వైపు ఒక గుడ్డాయన ముందు అమీను జామపండు విసిరాడట, ఆయన అలవాటుగా చెయ్యి చాపితే అది చేతిలో పడిందట, బత్తెం పోయిందట. చెవిటివాళ్ల వెనకాల తుపాకీ పేలుస్తారట. పక్షవాతం వచ్చినవాళ్ల ఒడిలో తేలును వదులుతారట. ఏది నిజమో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే పెద్ద రోగం అయింది. పాత రోగానికి మందు ఉన్నా లేకపోయినా పేరైనా ఉండేది.

సలహాలకు కొదవలేదు. గడ్డం గీయించుకోకు అన్నారు. బూడిద రాసుకో అన్నారు. మా అత్త అయితే ఒళ్లంతా పసుపు పూసుకుంటే కామెర్లు అనుకుంటారంది.

మా అమ్మ ఉపాయం మాత్రం ఉపాయం కూడా కాదు, నిజం. "మధ్యాన్నం వెళ్దారండి. మంచం మీద మోయించుకుని వెళ్దారి. మధ్యాన్నం మీరెలా ఉంటారో అలాగే చూస్తారు. అబద్ధం ఏముందండీ అందులో?"

మా నాన్న నవ్వాడు. "మంచం మీద మోస్తే చచ్చినవాణ్ణి తెచ్చేరనుకుంటారే. అయినా పొద్దున్నే రమ్మన్నారు కదా, పెద్దమనిషిని ఎండలో కూర్చోబెట్టి మనం తీరిగ్గా వెళ్తామా?"

"ఆయనకి డేరా ఉందండీ. ఎండ మనకి."

"పొద్దుటి పోటుకి పడవ సుళువుగా వెళ్తాది. తర్వాత ఆటు. ఎదురీదాలి."

"ఎదురీదుదారండి! ఒక్కరోజు ఎదురీదితే ఏం పోయిందండీ?"

"గోల చెయ్యకే" అన్నాడు మా నాన్న, మెల్లగా. ఆయన గట్టిగా అనడు. గట్టిగా అనని మగవాడితో వాదించి గెలిచిన ఆడది మా జిల్లాలో ఉందేమో నేనెరగను.

వెళ్లే రోజున ఆయన చీకటితోనే లేచి స్నానం చేశాడు. గడ్డం ముందురోజే గీయించుకున్నాడు. ఉతికిన పంచె కట్టాడు. పెళ్లికి వెళ్తున్నట్టు నొసట బొట్టు పెట్టుకున్నాడు. మా అమ్మ గుమ్మంలో నిలబడి ఆయన్ను పైనుంచి కిందికి చూసి అంది, "పెళ్లికొడుకులా ఉన్నారండి. బత్తెం ఇవ్వరు, పిల్లనిస్తారు."

మా అత్త ఇంట్లో ఉండిపోయింది. నన్ను వదిలేస్తే ఆవిడ కామెర్ల వైద్యం నా మీద చేస్తుందని కాబోలు మా అమ్మ నన్నూ పడవెక్కించింది.

ఇక్కడ ఆయ్ గురించి చెప్పాలి. మా వైపు వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, కానీ ఈ పుస్తకం కృష్ణకు అవతల ఎవరైనా చదివితే వాళ్లకోసం. ఆయ్ అంటే అవును అని ఎవరైనా అర్థం రాసుకుంటే రాసుకోనివ్వండి. అది అవును కాదు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే గాలి ఖాళీగా ఉండకూడదని మేం వేసే మాట అది. మీ మాట నా చెవిన పడింది, మీరంటే నాకు గౌరవం, ఇక నా జవాబు వస్తోంది అని దాని భావం. "మీ గేదె చచ్చిపోయిందటగా" అంటే ఆయ్. "మీరు మా చేనులో కొబ్బరికాయలు కోసేరటగా" అన్నా ముందు ఆయ్, ఆ తర్వాతే "లేదండీ, ఒట్టండీ". ఆయ్ అన్నాక ఏదో ఒకటి వస్తుంది. వచ్చేదాకా అవతలివాళ్లు ఆగాలి. ఆ ఆగడమే మర్యాదలో రెండో సగం. మొదటి సగం మా నాన్న దగ్గర పుష్కలంగా ఉంది.

పోటు నీళ్లు మమ్మల్ని నిజంగానే సుళువుగా తీసుకెళ్లాయి. డేరా ముందు మాకన్నా ముందు ఎవరూ లేరు. మంచాల మీద వచ్చేవాళ్లు ఇంకా దారిలో ఉన్నారు. మా నాన్న కర్ర సాయంతో గట్టు ఎక్కి, అమీనును చూడగానే కర్రను పక్కన ఆనించి రెండు చేతులూ జోడించాడు. కర్ర పట్టుకుని దణ్ణం పెట్టడం ఎలాగ మరి? ఒక చెయ్యితో పెడితే బాగుండదు కదా.

అమీను దక్షిణం నుంచి వచ్చినవాడు. తెలుగువాడే, మా తెలుగు కాదు. సన్నగా, పొట్టిగా ఉంటాడు. మా అత్త కథలో ఉన్న ఏనుగు కాదు. పక్కన చాప మీద గుమాస్తా కూర్చున్నాడు. కొత్తపేట మనిషి. మేం వెళ్లేసరికి డేరా బంట్రోతుతో "తమలపాకులు తెచ్చేరా అండీ" అంటున్నాడు. ఆ ఒక్క ముక్కతోనే మా అమ్మ మొహంలో ప్రాణం వచ్చింది. మనవాడు ఒకడున్నాడని.

అమీను తల ఎత్తాడు. "ఎట్లా ఉండావు?"

మర్యాదకు అడిగాడో, విచారణలో మొదటి ప్రశ్నగా అడిగాడో ఆ దేవుడికి తెలియాలి. మా నాన్నకు మాత్రం అది పలకరింపు. పలకరింపుకు మాకు ఒక్కటే జవాబు. చావుమంచం మీద ఉన్నవాడైనా అదే చెబుతాడు.

"తమ దయవల్ల బాగున్నానండీ, ఆయ్."

"నడుస్తావా?"

"ఆయ్..."

మా నాన్న నోరు తెరిచే ఉంది. తర్వాతి మాట నాలుక మీదే ఉంది. అమీను ఆగలేదు.

"పడవ నడిపించగలవా?"

"ఆయ్. అదేనండీ, పొద్దున్న పూట అయితే..."

"సరే సరే. ఇతని బత్తెం తీసెయ్."

గుమాస్తా తీసేశాడు.

ఇదీ వరస. చూశారు కదా, ఇంతవరకూ మా అమ్మ పెదవి కదపలేదు. నా చెయ్యి పట్టుకుని ఆవిడ చాప అంచు దగ్గర నిలబడి ఉంది. ఆవిడ నోరు విప్పింది తీసెయ్ అన్న తర్వాత. ఇల్లు కాలాక నీళ్లు తెచ్చినదాన్ని పట్టుకుని, నువ్వే నిప్పు పెట్టావనడం మా ఊరికే చెల్లింది.

"అయ్యా, ఆయ్ అంటే అవునని కాదండీ" అంది.

అమీను వింతగా చూశాడు. "అవును కాకుంటే మరేమిటి?"

"విన్నానని అండీ. తమరు అడిగింది విన్నారు. జవాబింకా చెప్పలేదండీ ఆయన."

"బాగుంది. విన్నాడు గనక చెవిటివాడు కాదు. నిలబడ్డాడు గనక కుంటివాడు కాదు. ఇంకేం రోగం?"

డేరా బంట్రోతులు నవ్వారు. మా నాన్న కూడా, నమ్మండి, మర్యాదకు నవ్వాడు. పెద్దమనిషి హాస్యమాడితే నవ్వకపోతే ఏం బాగుంటుంది.

మా అమ్మ గుమాస్తా వైపు తిరిగింది. "బాబుగారూ, తమరు మా వైపు వారే కదండీ. ఆయ్ అంటే ఏంటో తమరు చెప్పండి బాబుగారూ."

గుమాస్తా తల ఎత్తలేదు. అమీను అతని వైపు తిరిగి, "ఏమయ్యా, ఆయ్ అంటే అవుననేగా?" అన్నాడు.

గుమాస్తా అన్నాడు, "ఆయ్."

అంతే. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆయ్ తర్వాత రావాల్సింది ఏదీ రాలేదు. నేను ఇంత వయసులో కూడా కళ్లు మూసుకుంటే ఆ చాపను చూస్తాను. చాప మీద ఆకులు, పక్కన వక్కలు, ఆ ఒంగిన తల.

"విన్నావా?" అన్నాడు అమీను మా అమ్మతో.

అప్పుడు మా అమ్మ అన్నది ఇదీ. ఊళ్లో దీన్ని పది రకాలుగా చెబుతారు, ఇందులో బూతులు కూడా చేర్చారు. ఒక్క బూతు లేదు.

"విన్నానండీ. బాబుగారు కూడా ఆయ్ అన్నారండీ. ఆ ఆయ్ తమకి అవునన్నట్టా అండీ, నాకు అవునన్నట్టా? తమరు అడిగేరు, నేనూ అడిగేను. ఆయన ఒక్క ఆయ్యే అన్నారు. ఎవరిదండీ అది? తమరిదేనని ఎలా తీసుకున్నారండీ? మా ఆయన మూడుసార్లు ఆయ్ అంటే మూడూ తమరే తీసుకున్నారు. ఈ ఒక్కటైనా మాకు వదలండి."

ఇది దురుసా? నేను తర్కం చదువుకున్నాను. ఇందులో ఎక్కడ తప్పుందో ఇప్పటికీ నాకు కనపడలేదు. అమీనుకూ కనపడలేదు. కనపడలేదు గనకే కోపం వచ్చింది. "ఈ ఆడదాన్ని గట్టు దింపండి" అన్నాడు. దింపారు. మా నాన్న అమీనుకు మళ్లీ దణ్ణం పెట్టి, "ఆడకూతురండీ, మనసులో పెట్టుకోకండి" అని చెప్పి, కర్ర తీసుకుని మా వెనకాల దిగాడు. ఆ గట్టు దిగుతున్నప్పుడు కూడా ఆయన కుంటలేదు. పొద్దుటి పూట కదా.

మా అమ్మ పడవ ఎక్కనంది. గట్టు కింద కానుగ చెట్టు నీడలో కూర్చుంది, మమ్మల్నీ కూర్చోమంది. మంచాలు ఒక్కొక్కటే వచ్చాయి, వెళ్లాయి. ఎండ ఎక్కింది. ఆవిడ దేనికోసం చూస్తోందో నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు. ఆవిడ మా నాన్న ఎడమకాలును చూస్తోంది. దుంగ ఎప్పుడవుతుందా అని. ఏ పెళ్లామైనా మొగుడు కుంటివాడయ్యే గడియకోసం అలా కళ్లు విప్పార్చి ఎదురు చూస్తుందా? మా అమ్మ చూసింది. ఆ రోజు ఆవిడకు ఆ పని పెట్టినవాళ్లను నేను క్షమించలేదు.

అయింది. ఆయన మొహం పాలిపోయింది, తొడ పట్టుకున్నాడు, పక్కకు ఒరిగాడు. మా అమ్మ ఒక్క ఉదుటున లేచి గట్టెక్కింది. "రండి, ఇప్పుడొచ్చి చూడండి! ఇప్పుడు నడవమనండి!" బంట్రోతు అడ్డం వచ్చి, "అయ్యగారు భోంచేస్తున్నారమ్మా" అన్నాడు. కొంతసేపయ్యాక వెళితే, "పడుకున్నారమ్మా" అన్నాడు. మళ్లీ వెళ్లేసరికి డేరా తాళ్లు విప్పుతున్నారు.

కింద మా నాన్న మట్టిలో ఒరిగి పడి ఉండి నాతో అన్నాడు, "మీ అమ్మని రమ్మను పాపా. బాగోదు."

ఇదండీ గోదావరి మర్యాద. దీన్ని పొగిడేవాళ్లను నేను చాలామందిని చూశాను. పరాయి జిల్లాల నుంచి వచ్చి, మా ఇళ్లలో తిని, ఆహా ఏం మనుషులండీ అని మెచ్చుకుని వెళ్తారు. వాళ్లకు నేను చెప్పేదొకటి: ఆ మర్యాద ఖరీదు మా కుండలో గింజలు. అది ఎవరు తిన్నారో వాళ్లు పొగడండి. మేం పొగడలేం.

బత్తెం పోయాక ఏం జరుగుతుందో అదే జరిగింది. మా అమ్మ కాపుల ఇళ్లలో వడ్లు దంచింది. ఇంటికి వచ్చి, నానబెట్టిన కొబ్బరి పీచు కొట్టింది. మా నాన్న మంచం మీద పడుకునే ఆ పీచుతో తాళ్లు పేనేవాడు. అది చూసి ఊరు ఏమందో తెలుసా? "చేతులాడుతున్నాయిగా మరి. అమీనుగారు ఊరికే తీసేరా?" ఆకలికి పని చేస్తే, పని చెయ్యగలడనడానికి అదే రుజువైంది. చెయ్యకుండా ఉంటే చచ్చేవాడు. చచ్చి ఉంటే మాత్రం అందరూ ఒప్పుకునేవాళ్లు, పాపం నిజంగానే జబ్బుండేదని.

మా అత్త కథ చెప్పడం మొదలుపెట్టింది అప్పుడే. "మా తమ్ముడు బంగారమండీ. ఎదురు చెప్పి ఎరగడు. అదే కాస్త నోరు మూసుకుని ఉంటేనా..." ఒకసారి మా అమ్మ దంపుడు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి అంతా వింది. మేం ఏదో అవుతుందనుకున్నాం. ఆవిడ "కథ బాగుంది వదినా, అన్నం తిందురుగాని రండి" అంది. ఆ అన్నం ఎక్కడిదో అత్తకు చెప్పలేదు. మా నాన్న మంచం మీద నుంచి కథను ఆపలేదు. ఆపితే అక్కగారు చిన్నబోతుంది కదా.

తర్వాత ఏటికి ఆవల ఒక దొరసాని ఆడపిల్లలకు బడి పెట్టింది. చాలామంది పిల్లల్ని పంపడానికి భయపడ్డారు. మా అమ్మ నన్ను తనే పడవలో తీసుకెళ్లి దొరసాని ముందు నిలబెట్టింది. నాకు చదువు రావాలని ఆవిడ అడగలేదు. "దీనికి అవును, కాదు అనడం నేర్పించండమ్మగారూ. మా ఇళ్లలో ఎవరికీ రాదు" అంది. దొరసాని అది హాస్యమనుకుంది.

అక్కడి నుంచి చెన్నపట్నం. కళాశాలలో తోటి పిల్లలు నా ఆయ్ విని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. నేను ఆ మాట మానేశాను. మా నాన్న పోయినప్పుడు కూడా, పరామర్శకు వచ్చినవాళ్లు "ఎంత మంచి మనిషండీ" అంటే "అవును" అన్నాను. ఆ ఒక్క మాట అంత గట్టిగా వినపడేసరికి వాళ్లు తడబడ్డారు. దీని నోరూ తల్లి నోరేనని వెళ్తూ అనుకుని ఉంటారు. అనుకోనివ్వండి. ఆస్తి ఏదీ రాలేదు, ఇదైనా వచ్చింది.

ఇప్పుడు నేను పిల్లలకు చదువు చెబుతున్నాను. లెక్క తెలిసిందా అంటే ముప్ఫై గొంతులు ఆయ్ అంటాయి. అవునో కాదో చెప్పండి అంటాను. మళ్లీ ఆయ్.

ఆ మధ్య కొత్తపేటలో ఒకరింటికి పని మీద వెళ్లాను, వాళ్ల మనవరాలిని బడిలో వెయ్యమని అడగడానికి. అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. కాళ్లు రెండూ వాచి ఉన్నాయి, పీట మీద పెట్టుకున్నాడు. ఇంటివాళ్లు గొప్పగా చెప్పారు, ఆయన కచేరీలో గుమాస్తాగా చేసి దిగారని, ఇప్పుడు కూర్చున్న చోటికే పింఛను వస్తుందని, ఎవరూ వచ్చి నడుస్తారా అని అడగరని. ఆ చివరి మాట వాళ్లు అనలేదు. నేను అనుకున్నాను. ఆయన బంట్రోతును కాదు, మనవరాలిని పిలిచి, "అమ్మగారికి కొబ్బరినీళ్లు తెచ్చేరా అండీ" అన్నాడు. తన మనవరాలికి కూడా అండీ. ఆ గొంతు నాకు తెలుసు.

కొబ్బరినీళ్లు తాగాను. మర్యాదకే. మనవరాలి సంగతి మాట్లాడాను. పంపిస్తామన్నారు. ఆడవాళ్లు లోపలికి వెళ్లాక ఆయనకు లాకు దగ్గరి డేరా గుర్తుచేశాను. పడవ మనిషి ఒకాయన ఉతికిన పంచెతో వచ్చాడని, ఆయన భార్య మిమ్మల్ని ఒక మాట అడిగిందని చెప్పాను. ఆయన వింటూ ప్రతి ముక్కకూ ఆయ్ కొట్టాడు. ఆయ్. ఆయ్. వినేవాడి ఆయ్. మా నాన్నది కూడా అచ్చం అలాగే ఉండేది.

"ఆ మనిషి కూతుర్ని నేను" అన్నాను.

ఈసారి ఆయ్ రాలేదు. కాళ్ల వైపు చూసుకున్నాడు.

"మా నాన్న అన్నదానికి అర్థం మీకు తెలుసు. మీ ఇంటి మాట అది. తెలిసే తీసేశారు కదూ?"

చాలాసేపు వీధిలోకి చూశాడు. కాలవలో ఎవరిదో వడ్ల పడవ వెళ్తోంది. నేను ఆగాను. మా వైపు వాళ్లం కదా, ఆగడం తెలుసు. చివరకు ఆయన నా వైపు తిరిగి, ఎంతో గౌరవంగా, మెల్లగా అన్నాడు.

"ఆయ్."

దాని తర్వాత వచ్చేదానికోసం కూర్చున్నాను. అంతలో లోపలి నుంచి వడ్డించామని పిలిచారు. ఇంటివాళ్లు ఇద్దరు వచ్చి ఆయన్ను చెరోవైపూ పట్టుకుని లేపారు. గుమ్మం దగ్గర ఆగి, "తమరు కూడా భోంచేసి వెళ్లాలండి" అన్నాడు. నేను తినకుండా వచ్చేశాను.

మా అమ్మ ఉన్నప్పుడు అడిగింది ఆ ఒక్క ఆయ్ ఎవరిదని. నాకు ఇప్పుడు రెండయ్యాయి. అర్థం తెలిసినవాళ్లు మా వైపు లక్షమంది ఉన్నారు, ఎవరైనా చెప్పండి: ఆ ముసలాయన నాతో అన్నది అవుననా, విన్నాననా?